మస్టర్ పడ్డదా? : ఒక ఆత్మీయ సమ్మేళనం, కొన్ని పుస్తకాలు

జిల్లా పేజీలో ఆ వార్త మీరూ చూసే ఉంటారు, చదివి ఉండకపోవచ్చు. ఒక గ్రూప్ ఫొటో. ముందు వరసలో కుర్చీల్లో పాత లెక్చరర్లు, వెనక రెండు వరసల్లో తెల్లజుట్టు విద్యార్థులు, వాళ్ల వెనక ఫ్లెక్సీ. కింద నాలుగు వాక్యాలు. ఫలానా కాలేజీలో ఫలానా సంవత్సరం చదివినవాళ్లు ఇన్నేళ్ల తర్వాత ఒకే వేదిక మీద కలిశారు. ఆనాటి జ్ఞాపకాలను నెమరువేసుకున్నారు. గురువులను శాలువాలతో సత్కరించారు. రోజంతా ఆనందోత్సాహాల మధ్య గడిపారు. ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా ఊరి పేరు, సంవత్సరం మారుతాయి, మిగతా వార్తంతా ఒకటే.

ఇన్నాళ్లూ అది నాకు పేజీ నింపే వార్త. కిందటి డిసెంబర్‌లో మా బాపును ఆయన డిగ్రీ బ్యాచ్ సమ్మేళనానికి గోదావరిఖని తీసుకెళ్లాక, అదొక సాహిత్య ప్రక్రియ అనిపించింది. కథకీ నవలకీ ఉన్నట్టే దీనికీ నియమాలున్నాయి. స్వాగతం, పరిచయం, రెండు నిమిషాల మౌనం, సన్మానం, భోజనం, ఫొటో. పరిచయంలో ఏం చెప్పాలో కూడా రాసి పెట్టినట్టే ఉంటుంది: ఎక్కడ చేసి రిటైరయ్యారు, పిల్లలు ఎక్కడ సెటిలయ్యారు. మధ్యలో ఉన్న నలభై ఏళ్లు ఎట్లా గడిచాయన్నది ఎవరూ అడగరు. ఎవరికీ తోచక కాదు, ఆ ప్రక్రియకున్న ముఖ్యమైన నియమమే అది.

ఆ రోజు మా బాపు బ్యాచ్‌లో ఒకాయన ఆ నియమం తప్పాడు. భోజనాల వరసలో, ప్లేటు చేతిలో పట్టుకుని, మొత్తం మూడు మాటల్లో. ఆ మూడు మాటలు నన్ను ఇంకా వదల్లేదు. అట్లాంటి సన్నివేశాన్ని మన కథలు, మన సినిమాలు, బయటి నవలలు ఎట్లా రాశాయో వెతుక్కుంటూ పోయాను. ఆ వెతుకులాటే ఈ వ్యాసం.

*

ముందు ఊరి గురించి కొంచెం చెప్పాలి. గోదావరిఖనిని అక్కడివాళ్లు ఉత్త ‘ఖని’ అంటారు. 1960ల మొదట్లో రామగుండం పక్కన సింగరేణి బొగ్గుబాయిలు తెరిచాక పెరిగిన ఊరది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లు బాయిల్లో దిగారు. వాళ్ల కొడుకుల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం మా బాపుది. 1978–81 బ్యాచ్.

ఆ మూడేళ్లనూ ఒకసారి చూడండి. వాళ్లు కాలేజీలో చేరిన ఏడాదే, సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. నవంబర్‌లో రామగుండంలో ఎన్టీపీసీకి శంకుస్థాపన. వాళ్లు కాలేజీ ముగించిన 1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె, ఆ వేడిలోంచే సింగరేణి కార్మిక సమాఖ్య, అంటే సికాస. ఒకపక్క కొత్త ఉద్యోగాలు, ఇంకోపక్క ఉద్యమం. రెండూ ఒకే వయసు కుర్రాళ్లను పిలిచాయి. కొందరు ఇటు పోయారు, కొందరు అటు. చాలామంది కొన్నాళ్లు రెండు పిలుపులకీ పలికి, చివరికి ఎక్కడ జీతం దొరికితే అక్కడ ఆగారు. బాపు ఆ మూడో రకం.

తాత మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక, డిపెండెంట్ ఉద్యోగంలో బాపు బదిలీ ఫిల్లర్‌గా చేరాడు. డిగ్రీ చదివి తట్ట ఎత్తాడన్నమాట. బదిలీ అంటే పర్మనెంట్ కాదు. బాయిలోపల పని చేసేవాళ్లకి ఏడాదిలో 190 మస్టర్లు పడాలి. మస్టర్ అంటే హాజరు. ఖనిలో ఆ మాట లేకుండా ఏ ఇంట్లోనూ అన్నం ఉడకదు.

బాపు చేరిన మరుసటి ఏడాది, 1980ల చివర్లో, ఆయన బ్యాచ్ మిత్రుడొకాయన ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. పేరు రాయను. కాలేజీలో ముగ్గురు ఒకే గదిలో ఉండేవాళ్లు: చనిపోయినాయన, బాపు, ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్న ఇంకొకాయన. ఈయన జీవితమంతా ట్యూషన్లు చెప్పుకుని బతికాడు కాబట్టి అందరూ సార్ అంటారు. నేనూ సారే అంటాను.

ఆ వార్త తెలిసిన తెల్లవారుజామున చనిపోయినాయన తల్లి మా క్వార్టర్‌కి వచ్చింది. శవం వేరే ఊళ్లో ఉంది. పోయి గుర్తుపట్టాలి, కాయితాల మీద సంతకాలు పెట్టాలి. ఆమెకు చదువు రాదు. ‘నువ్వు సదువుకున్నోనివి, జర నా ఎంబడి రా బిడ్డా’ అంది. బాపు ‘ఫస్ట్ షిఫ్ట్ ఉన్నదవ్వా’ అన్నాడు. డ్యూటీకి పోయాడు. ఆమె వెంట సార్ పోయాడు. ఆ సంతకం చేసినందుకు ఆయన చాలాకాలం పిలిచినప్పుడల్లా స్టేషన్‌కు పోయి కూర్చోవాల్సి వచ్చింది. రావాల్సిన ఉద్యోగం రాలేదు.

ఇదంతా నాకు సమ్మేళనంలో తెలిసిన రహస్యం కాదు. చిన్నప్పటి నుంచీ తెలుసు. అమ్మకు తెలుసు. పక్క క్వార్టర్ వాళ్లకూ తెలుసు. బ్యాచ్ మొత్తానికీ తెలుసు. ఇంట్లో దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అంతే.

డిసెంబర్‌లో, రెండు నిమిషాల మౌనానికి ముందు, ‘మనల్ని వీడిన మిత్రుల’ పేర్లు చదివారు. గుండెపోటుతో పోయినవాళ్లు, కరోనాలో పోయినవాళ్లు, బాయి ప్రమాదంలో పోయినాయన. ఆ ఒక్క పేరు చదవలేదు. మర్చిపోయారనుకోను. జాబితా రాసినాయన ఎక్కడో ఆగి, కలం ఎత్తి, కింది పేరుకు దిగి ఉంటాడు.

తర్వాత భోజనాల దగ్గర సార్ బాపు పక్కకి వచ్చి నిలబడ్డాడు. నేను వెనకే ఉన్నాను.

‘ఆ దినం నువ్వు డ్యూటీకి పోయినవ్ గదా రా.’

‘పోయిన.’

‘మస్టర్ పడ్డదా?’

‘పడ్డది.’

‘మంచిదైంది.’

అంతే. వరస ముందుకు కదిలింది. ఇద్దరూ పప్పు వేయించుకున్నారు.

*

వచ్చేటప్పుడు కార్లో బాపు నిద్రపోయాడు, లేదా నిద్ర నటించాడు. నేను ఆ ‘మంచిదైంది’ గురించే ఆలోచిస్తూ నడిపాను. అది దెప్పా, క్షమా? లేక ఇద్దరికీ వయసైపోయిందని, ఆ ఒక్క మస్టర్‌తోనే నీ పిల్లలు చదువుకున్నారు కదా అని నిజంగానే అన్న మాటా? నాకు తెలియలేదు. ఇట్లాంటి సంభాషణకి మనకు ముందే ఒక నమూనా ఉందా అని మొదట మన సినిమాల్లోనే వెతికాను.

మన కాలేజీ కథలు ఎక్కువగా వీడ్కోలు దగ్గర ముగుస్తాయి. ‘హ్యాపీ డేస్’ (2007) అంతే. నాలుగేళ్ల ఇంజనీరింగ్, ఆఖరున కన్నీళ్లు, కౌగిలింతలు. ఆ తర్వాత ఎవరు ఎవరికి ఏం బాకీపడ్డారో ఆ కథకి అక్కర్లేదు. స్నేహం శాశ్వతం అన్న హామీ మీద తెర పడుతుంది.

తిరిగి కలవడం గురించి మన తరం ఎక్కువగా చూసిన సినిమా ‘జాను’ (2020), తమిళ ‘96’కి రీమేక్. అది స్కూలు బ్యాచ్ కథ. వాట్సాప్ గ్రూపు, రీయూనియన్, విదేశం నుంచి వచ్చిన ఆమె, తెల్లవారితే ఫ్లయిటు. ఆ రాత్రి వాళ్లిద్దరూ గతాన్ని విప్పుకుంటారు. విప్పితే ఏం తేలుతుంది? ఆయన ఆమెను వెతుక్కుంటూ ఆమె కాలేజీకి వెళ్లాడు. పేరు దగ్గర తికమక. ఆమె ఇంకెవరో అనుకుని బయటికి రాలేదు. జీవితమంత వియోగానికి కారణం ఒక పొరపాటు.

నాకా సినిమా ఇష్టమే, ఏడ్చాను కూడా. అయితే దాని సౌఖ్యం ఎక్కడుందో ఇప్పుడు అర్థమవుతోంది. గతంలో ఎవరి తప్పూ లేదు. ఇద్దరూ మంచివాళ్లే, కాలమే మోసం చేసింది. సమ్మేళనం అన్న ప్రక్రియ కోరుకునేది ఇదే. శాలువా కప్పినట్టు గతం మీద ఒక పొరపాటును కప్పేస్తే ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. మా బాపు విషయంలో పొరపాటు లేదు. ఆ అవ్వ సరైన ఇంటికే వచ్చింది. సరైన మనిషినే అడిగింది. ఆమె ఏమడుగుతోందో ఆయనకు పూర్తిగా అర్థమైంది.

సింగరేణి నేపథ్యంలో ఈ మధ్య బాగా ఆడిన సినిమా ‘దసరా’ (2023). స్నేహితుడి కోసం ప్రేమను వదులుకున్న ధరణి, హత్యకు గురైన సూరి, మధ్యలో వెన్నెల. బొగ్గు దుమ్ము, రైలు మీది బొగ్గు దొంగతనం, సారా, పగ. స్నేహాన్ని అంత ఉద్రేకంగా చూపించిన తెలుగు సినిమాలు తక్కువ. కానీ స్నేహితుడు చనిపోతే ఏం చేయాలన్నదానికి దాని దగ్గర ఒకటే జవాబు, కత్తి పట్టుకోవడం. స్నేహితుడు చనిపోయిన పొద్దున డ్యూటీకి పోయినవాడికి అందులో చోటు లేదు. నిజానికి ఖనిలో అట్లా డ్యూటీకి పోయినవాళ్లే ఎక్కువ.

*

బయటి నవలల్లో ఈ విషయానికి పెద్ద పేరు సాండోర్ మరాయ్ ‘ఎంబర్స్’ది. 1942లో హంగేరియన్‌లో వచ్చింది, ఇంగ్లిష్ పాఠకులకు 2001లో అందింది. పదేళ్ల వయసులో వియన్నా మిలిటరీ అకాడమీలో కలిసిన ఇద్దరు స్నేహితులు. వేటలో ఒక పొద్దున కొన్‌రాడ్ తుపాకీ తన మీదికి ఎత్తాడని హెన్రిక్‌కు తెలుసు. మర్నాడే కొన్‌రాడ్ ఊరు వదిలి వెళ్లిపోయాడు. నలభై ఒక్క ఏళ్ల తర్వాత తిరిగొస్తాడు. ముసలి జనరల్ హెన్రిక్ భోజనాల గదిని ఆఖరిసారి ఇద్దరూ కలిసి తిన్న రాత్రి ఎట్లా ఉందో అట్లాగే సర్దిస్తాడు. తర్వాత రాత్రంతా మాట్లాడతాడు. కొన్‌రాడ్ దాదాపు ఏమీ మాట్లాడడు.

నవల సగానికి పైగా ఒక్క మనిషి ఉపన్యాసమే. మొదటిసారి చదివినప్పుడు విసుగొచ్చింది. సమ్మేళనం తర్వాత మళ్లీ చదివితే, హెన్రిక్‌కు జవాబులు అక్కర్లేదని తెలిసింది. భార్యకూ కొన్‌రాడ్‌కూ మధ్య ఏం జరిగిందో ఆయన ఎప్పుడో తేల్చుకున్నాడు. నిజం రాసి ఉండే ఆమె డైరీని తెరవకుండానే నిప్పుల్లో వేస్తాడు. ఆయనకు కావాల్సింది ఎదురుగా కూర్చుని వినే మనిషి. తను ఏం మోశాడో తెలిసిన మనిషి ఈ లోకంలో ఇంకొకడే ఉన్నాడు, వాడు రావాలి. ఆ ఆకలి నాకు సార్ కళ్లలో కనిపించింది. అయితే హెన్రిక్‌కి కోట ఉంది, నౌకర్లు ఉన్నారు, వెలుగుతున్న కొవ్వొత్తులున్నాయి, మాట్లాడటానికి రాత్రంతా ఉంది. సార్‌కు దొరికింది భోజనాల వరసలో అర నిమిషం. వెనక ఇంకో ముప్పై మంది ప్లేట్లతో నిలబడి ఉన్నారు.

జూలియన్ బార్న్స్ ‘ది సెన్స్ ఆఫ్ యాన్ ఎండింగ్’ (2011, ఆ ఏటి బుకర్) ఇంకో దారి. రిటైరైన టోనీ వెబ్‌స్టర్‌కి తను సాదాసీదా మంచివాణ్ణన్న నమ్మకం. స్నేహితుడు ఏడ్రియన్ తన పాత ప్రియురాలితో కలిసినప్పుడు తను హుందాగా తప్పుకున్నానని గుర్తు. నలభై ఏళ్ల తర్వాత, అప్పుడు తనే రాసిన ఉత్తరం చేతికొస్తుంది. అది విషం. తన జ్ఞాపకం ఇన్నేళ్లూ తనను కాపాడుతూ వచ్చిందని అప్పుడు తెలుస్తుంది. చిన్న నవల, రెండు గంటల్లో అయిపోతుంది. కానీ చదివినాక మీ పాత మెసేజ్‌లు వెనక్కి స్క్రోల్ చేయాలంటే భయమేస్తుంది.

ఈ రెండు నవలలకూ ఇంజన్ ఒకటే. ఒక రహస్యం ఉంది, వయసు మళ్లాక అది బయటపడాలి. మరాయ్ దాన్ని కాల్చేస్తాడు, బార్న్స్ చివరి పేజీల దాకా దాస్తాడు. ఎట్లా చేసినా పాఠకుణ్ణి పట్టి ఉంచేది ‘అసలేం జరిగింది’ అన్న ప్రశ్న. మా బాపు కథకు ఈ ఇంజన్ సరిపడదు. అసలేం జరిగిందో కాలనీ మొత్తానికి తెలుసు. ఒక గోడకు అటూ ఇటూ కాపురాలుండే క్వార్టర్లలో, మూడు షిఫ్టుల మనుషులు మూడు వేళల్లో లేచి తిరిగేచోట, తెల్లవారుజామున ఎవరింటి తలుపు ఎవరు తట్టారో దాగదు. ఖనిలో గతాన్ని ఎదుర్కోవడం అంటే తెలియనిది తెలుసుకోవడం కాదు, అందరికీ తెలిసినదాన్ని ఒకరి మొహం ఒకరు చూస్తూ పలకడం. సార్ అడిగిన మూడు ముక్కల్లో ఒక్కటీ ఆయనకు తెలియని విషయం కాదు. మస్టర్ పడిందనీ తెలుసు. అయినా బాపు నోటితో వినాలనుకున్నాడు. బాపు కూడా దాటేయలేదు. ‘గుర్తులేదు రా, ముసలోణ్నైతిని’ అనొచ్చు. అనలేదు. ‘పడ్డది’ అన్నాడు. నేను విన్నంతలో, ఆ విషయం మీద బాపు పలికిన మొదటి నిజమైన మాట అదే.

ఈ లెక్కన నాకు దగ్గరగా వచ్చిన పుస్తకం సమ్మేళనం కథే కాదు. మార్కెజ్ ‘క్రానికల్ ఆఫ్ ఎ డెత్ ఫోర్‌టోల్డ్’, 1981లో వచ్చింది, అంటే మా బాపు డిగ్రీ పూర్తయిన ఏడాదే. శాంటియాగో నాసర్‌ను చంపుతామని కవలలిద్దరూ కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటూ తిరుగుతారు. ఊరంతటికీ తెలుసు. ఎవరి కారణాలు వాళ్లకున్నాయి. ఒకరు తాగుబోతు మాటలనుకున్నారు, ఒకరు ఇంకెవరో చెప్పే ఉంటారనుకున్నారు, ఒకరికి వేరే పనుంది. ఇరవై ఏడేళ్ల తర్వాత చనిపోయినవాడి స్నేహితుడే తిరిగొచ్చి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఆ పొద్దున మీరెక్కడున్నారని అడుగుతాడు. హంతకులెవరో మొదటి పేజీల్లోనే తెలిసిపోయినా పుస్తకం వదలబుద్ధి కాదు. ఎందుకంటే ప్రతి మనిషి దగ్గరా అచ్చంగా ‘ఫస్ట్ షిఫ్ట్ ఉండె’ లాంటి జవాబు ఒకటి ఉంటుంది, ఏ జవాబూ పూర్తి అబద్ధం కాదు.

*

మరి తెలుగులో? కరీంనగర్, బొగ్గుబాయిల జీవితం తెలుగు సాహిత్యంలో లేదనడం అన్యాయం. అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ 1979లోనే, ఆ రైతాంగ పోరాటాలు ఇంకా నడుస్తుండగానే వచ్చింది. ఆ తరం రచయితల బలం వేగం. నిన్న జరిగినదాన్ని ఇవాళ రాశారు. పల్లె నుంచి బాయికి, బాయి నుంచి అడవికి కదిలే మనుషుల్ని ఆ కదలికలోనే పట్టుకున్నారు. నాకున్న ఫిర్యాదల్లా ఆ కథల్లో ఎవరూ ముసలివాళ్లు కారన్నది. యవ్వనంలో మొదలవుతారు, పోరాటంలోకి పోతారు లేదా అమరులవుతారు. వెనక ఉండిపోయినవాడు కథ అంచుల్లో, కొంచెం సిగ్గుపడుతూ, నిలబడి ఉంటాడు. అతను అరవై ఐదేళ్లకి బీపీ మాత్రలేసుకుని కాలేజీ సమ్మేళనానికి వస్తే ఎట్లా ఉంటుందో రాయడానికి అప్పటికి ఇంకా కాలం గడవలేదు. ఇప్పుడు గడిచింది.

దీనికి దగ్గరగా పోయింది కథకులు కాదు, జ్ఞాపకాలు పోగేసినవాళ్లు. ఉస్మానియా ఫిజిక్స్ విద్యార్థి జార్జిరెడ్డిని 1972 ఏప్రిల్ 14న క్యాంపస్‌లోనే చంపారు. నాలుగు దశాబ్దాలు దాటాక గీతా రామస్వామి అతని స్నేహితుల, సహచరుల జ్ఞాపకాలు కూర్చి ‘జీనా హై తో మర్నా సీఖో’ రాశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2016లో వేసింది. 2019లో వచ్చిన సినిమా జార్జిని యాక్షన్ హీరోను చేసింది. పుస్తకం ఓపిగ్గా అతని చుట్టూ ఉన్నవాళ్ల మాటలు వింది. ఒక రకంగా అది కాగితం మీద జరిగిన సమ్మేళనం, శాలువాలు లేనిది. కానీ మధ్యలో అంత వెలుగున్న మనిషి నిలబడితే చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు అతని వెలుగులోనే కనిపిస్తాయి. అతను ఎట్లాంటివాడన్నది చెబుతారు. అతను పోయిన తర్వాత తాము ఎట్లా ఉన్నారన్నది అంతగా చెప్పరు.

ఆ రెండోదాన్ని గీతా రామస్వామి తన సొంత కథలో చెప్పారు. 2022లో ఇంగ్లిష్‌లో వచ్చిన ‘ల్యాండ్, గన్స్, క్యాస్ట్, వుమన్’కి ఉపశీర్షికలో తనను తాను ‘ల్యాప్స్‌డ్ రెవల్యూషనరీ’ అనుకున్నారు. ఆ ‘ల్యాప్స్‌డ్’ అన్న మాటను తెలుగులోకి తేవడానికి చాలాసేపు తన్నుకున్నాను. ద్రోహి కాదు, మాజీ కూడా కాదు. కాడి దించినవాడు అనొచ్చేమో. కానీ కాడి ఎత్తకుండానే పక్కన నడిచినవాళ్లకి? సానుభూతిపరుడు అన్న మాట పోలీసు కాయితాల్లోది. మిత్రుడు అన్న మాట ఒక్కటే మిగులుతుంది. ఎన్‌కౌంటర్లలో పోయినవాళ్ల శవాలను ఇళ్లకు చేర్చడానికి 2002లో ఏర్పడ్డ సంఘం తనకు పెట్టుకున్న పేరు చూడండి: అమరుల బంధుమిత్రుల సంఘం. బంధువు పక్కనే మిత్రుడు. శవం కోసం పోవడం మిత్రుడి పని అని ఆ పేరే చెబుతోంది. సార్ ఆ సంఘం పుట్టక చాలా ముందే ఆ పని చేశాడు. బాపు చేయలేదు.

వరంగల్ ఆర్‌ఈసీ గుర్తొస్తుంది. 1975 జులైలో, ఎమర్జెన్సీ మొదలై నెల తిరిగేసరికి, గిరాయిపల్లి అడవిలో నలుగుర్ని కాల్చి చంపారు. వాళ్లలో అక్కడి ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. 1977 తర్వాత తార్కుండే కమిటీ నిజాలు బయటపెట్టింది, భార్గవ కమిషన్ విచారణ మొదలైంది, చివరిదాకా సాగలేదు. వాళ్లతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఇంజనీర్లయ్యారు, అమెరికా వెళ్లారు, తాతలయ్యారు. వాళ్లకూ సమ్మేళనాలు ఉండే ఉంటాయి. రెండు నిమిషాల మౌనంలో ఎవరి పేర్లు చదువుతారో నాకు తెలుసుకోవాలని ఉంది. ఒక నవలకి అంతకంటే ఏం కావాలి?

*

ఇంకో కష్టం ఉంది, అది ఖనికి ప్రత్యేకం. జ్ఞాపకాల కథలకి స్థలం కావాలి. హెన్రిక్ కోట చెక్కుచెదరలేదు. ‘జాను’లో రాం తన స్కూలుకి వెళ్తే తరగతి గది అతని కోసమే ఎదురుచూస్తున్నట్టుంటుంది. ఖనిలో నేలే మిగలదు. ముగ్గురూ ఆదివారాలు సైకిళ్ల మీద పోయి కూర్చునే చెరువుకట్ట ఇప్పుడు ఓపెన్‌కాస్ట్‌లో పోయింది. కూలిపోవడం, పాతబడటం కాదు. తవ్వి, లారీలకెత్తి, బొగ్గయితే పవర్‌హౌస్‌కు పంపారు, మట్టయితే పక్కన గుట్ట పోశారు. ఆ మట్టిగుట్టల మీద ఇప్పుడు చెట్లు పెరిగాయి. దూరం నుంచి చూస్తే ఎప్పటి నుంచో ఉన్న కొండలే అనుకుంటారు.

మనుషులదీ అదే లెక్క. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు నలభై వేల చిల్లర. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడి, రెండు దశాబ్దాల తర్వాత వేరే పేరుతో తెరుచుకుంది. జ్ఞాపకాన్ని చూపుడువేలితో చూపించడానికి అక్కడ ఒక గోడ లేదు, చెట్టు లేదు. అందుకే కాబోలు అక్కడ గతం మనుషుల మధ్య మాటల్లోనే బతకాలి. ఆ మాటలు కూడా ఆ ఊరివే అయి ఉండాలి. ‘నన్నెందుకు ఒంటరిని చేశావు’ అని సార్ అడగలేదు. ‘మస్టర్ పడ్డదా’ అన్నాడు. ఆ ఒక్క మాటలో జీతం ఉంది, భయం ఉంది, తాత పోగొట్టుకున్న ఊపిరితిత్తులున్నాయి, 190 దాకా లెక్కపెట్టిన ఒక ఏడాది ఉంది. ఈ మాటను ఇంగ్లిష్‌లోకి తిప్పితే ‘అటెండెన్స్’ అవుతుంది, కథ పోతుంది.

అందుకే మరాయ్‌లా ఉపన్యాసాలు, బార్న్స్‌లా చివరి మలుపు తెలుగులోకి తెచ్చుకుంటే ఈ కథ రాదనిపిస్తోంది. దీనికి మలుపు అక్కర్లేదు. తప్పు చేసినవాణ్ణి దుర్మార్గుణ్ణి చేయకూడదు, అట్లాగని ‘ఆ పరిస్థితుల్లో ఎవరైనా అంతే’ అని వదిలేయనూ కూడదు. ఆ పరిస్థితుల్లోనే ఇంకొకాయన పోయాడు కదా. ఇద్దరివీ ఒకే గది, ఒకే చదువు, ఒకే పేదరికం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వివరించలేక రచయిత ఇబ్బంది పడాలి. ఆ ఇబ్బంది కథలో కనిపించాలి. మనలో చాలామంది ఇట్లా డ్యూటీకి పోయినవాళ్ల పిల్లలం. ఆ మస్టర్లతోనే హైదరాబాద్ వచ్చి, చదువుకుని, ఇట్లాంటి పత్రికల్లో వ్యాసాలు రాస్తున్నాం. ‘మంచిదైంది’ అన్న మాట నాకూ తగులుతుంది.

మర్నాడు జిల్లా పేజీలో వార్త వచ్చింది. రోజంతా ఆనందోత్సాహాల మధ్య గడిపారట. ఫొటోలో బాపు రెండో వరసలో ఈ చివర, సార్ ఆ చివర. బాపు కళ్లద్దాలు పెట్టుకుని వార్త రెండుసార్లు చదివాడు. మౌనం పాటించినవాళ్ల జాబితా పేపర్లో వేయలేదు కాబట్టి అందులో ఆయన వెతకడానికేం లేదు. కాసేపటికి ఫోన్ తీసుకుని వాట్సాప్ గ్రూపు తెరిచాడు. అక్కడ నిన్న చదివిన పేర్ల ఫొటో ఎవరో పెట్టారు, కింద అంతా చేతులు జోడించిన బొమ్మలు. బాపు చాలాసేపు ఏదో టైపు చేశాడు, తుడిచాడు, మళ్లీ చేశాడు.

‘ఏం రాస్తున్నవ్?’ అన్నాను.

‘ఒక పేరు ఇడిశిపెట్టిన్రు’ అన్నాడు.

పంపాడో లేదో నేను అడగలేదు.